ఒకే కాడికి 7200, 5400: ఒక పెళ్లి ఫొటోగ్రాఫర్ కంప్యూటర్ కేసు

2023 ఫిబ్రవరి. మాఘమాసం ముహూర్తాలు జోరుగా నడుస్తున్నాయి. బుధవారం రాత్రి తొమ్మిదిన్నరకు తెనాలి నుంచి ఫోన్. "అన్నా, సిస్టమ్ చచ్చేలా ఉంది. ఆదివారం రిసెప్షన్‌లో స్క్రీన్ మీద వెయ్యాల్సిన వీడియో. ఇక్కడ టైమ్‌లైన్ కదలట్లేదు" అన్నాడు తమ్ముడు. వెనకాల కేబినెట్‌లోంచి టిక్, టిక్ అని చప్పుడు ఫోన్‌లో నాకే వినబడింది.

అతను పెళ్లి ఫొటోగ్రాఫర్. మేడ మీద గదే స్టూడియో. ఆల్బమ్ డిజైన్లు భార్య చూసుకుంటుంది, వీడియో మిక్సింగ్ అతను చేసుకుంటాడు. నేను గుంటూరులో కంప్యూటర్ల సర్వీసింగ్ చేస్తాను, అతని సిస్టమ్ మొదటి నుంచీ నా చేతిలోదే. కాబట్టి ఈ కేసులో ముందుగా ఒప్పుకోవాల్సిన సంగతి ఒకటుంది. వేగం కలవని రెండు హార్డ్‌డిస్కుల్ని ఆ కంప్యూటర్‌లో ఒకటిగా ముడివేసింది నేనే.

2019 ఆషాఢంలో చేసిన పని

ఆషాఢంలో పెళ్లిళ్లుండవు. ఫొటోగ్రాఫర్లంతా సిస్టమ్‌లు బాగుచేయించుకునేది అప్పుడే. అతనిది నాలుగో తరం ఐ5, హెచ్81 బోర్డు. విండోస్ 10 ప్రో ఒక 240 జీబీ ఎస్‌ఎస్‌డీలో ఉండేది. డేటాకి 1 టీబీ హార్డ్‌డిస్క్, 7200 ఆర్‌పీఎం, అంటే పళ్లెం నిమిషానికి 7200 చుట్లు తిరిగేది, నిండిపోయింది. కొత్తగా 2 టీబీ తెచ్చుకున్నాడు. అది 5400.

"డీ అనీ ఎఫ్ అనీ ముక్కలొద్దన్నా. ఒకటే పెద్ద డ్రైవ్ కావాలి. ఏ పెళ్లి ఎందులో ఉందో వెతుక్కోలేక చస్తున్నాను" అన్నాడు. అడిగిందాంట్లో తప్పేమీ లేదు. ఎలా చెయ్యాలన్నది తేల్చుకోవాల్సింది నేను.

విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో దీనికి రెండు దారులున్నాయి. స్పాన్డ్ అంటే మొదటి డిస్క్ నిండాక రెండోదానిలోకి వెళ్తుంది. స్ట్రైప్డ్ అంటే ప్రతి ఫైల్‌నీ 64 కేబీ ముక్కలు చేసి, ఒక ముక్క ఇందులో, తర్వాతి ముక్క అందులో వేసుకుంటూ పోతుంది. రెండు డిస్కులూ ఒకేసారి పని చేస్తాయి కాబట్టి వేగం పెరుగుతుంది. నాకు వేగం మీద మోజు. స్ట్రైప్డ్ పెట్టాను.

స్ట్రైప్‌లో రెండు వైపులా సమానంగా తీసుకోవాలి. 1 టీబీ నుంచి మొత్తం, 2 టీబీ నుంచి సగం కలిపితే డీ డ్రైవ్. పెద్ద డిస్క్‌లో మిగిలిన సగం, విండోస్ లెక్కలో 931 జీబీ, ఊరికే వదిలేయడం ఎందుకని దానికి ఎఫ్ అని పేరు పెట్టాను. ముక్కలొద్దన్న మనిషికి చివరికి రెండు ముక్కలే ఇచ్చాను. స్పీడ్ టెస్ట్ పెడితే సెకనుకు 290 ఎంబీ వచ్చింది. "అబ్బో" అన్నాడతను. నేనూ మురిసిపోయాను.

రెండు డిస్కులూ ఖాళీగా ఉన్నప్పుడు చూసిన అంకె అది.

గురువారం ఉదయం

వెళ్లగానే కేబినెట్ విప్పలేదు. ఏం చేస్తుంటే ఆగుతోందో చేసి చూపించమన్నాను. కెమెరా కార్డు పెట్టి ఎఫ్‌లోకి కాపీ పెట్టాడు. డీ దాదాపు నిండింది కాబట్టి ఏడాదిగా కార్డులు ఎక్కువగా ఎఫ్‌లోనే దించుతున్నాడట. సెకనుకు 85 ఎంబీతో మొదలైంది. పాతిక జీబీ దాటాక 40, తర్వాత 12. అక్కడే ఈదులాడుతోంది. ఇంకోవైపు వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఎడియస్ తెరిచి డీలో ఉన్న పెళ్లి ప్లే చేశాడు. నాలుగు సెకన్లు బాగానే నడిచి, మంగళసూత్రం చేతిలోకి తీసుకునే చోట పెళ్లికొడుకు చెయ్యి గాల్లో ఆగిపోయింది.

టాస్క్ మేనేజర్ తెరిస్తే ప్రాసెసర్ 15 శాతం. ఎస్‌ఎస్‌డీ ఖాళీగా కూర్చుంది. 2 టీబీ డిస్క్ మాత్రం 100 శాతం. 1 టీబీ డిస్క్ మాటిమాటికీ 100కి ఎగిరి, వేగం సున్నా చూపిస్తోంది. ఈ రెండో లక్షణం నాకు నచ్చలేదు. డిస్క్ నూరు శాతం పనిలో ఉండి ఒక్క ఎంబీ కూడా ఇవ్వకపోవడమంటే, ఏదో ఒక సెక్టార్, అంటే డిస్క్ మీద డేటా రాసే చిన్న గడి, చదవలేక మళ్లీ మళ్లీ తంటాలు పడుతోందని అర్థం.

డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెరిచాను. 1 టీబీ డిస్క్‌కి పసుపు రంగు, కాషన్. సీ5 వరసలో, అంటే చదవడానికి మొరాయిస్తున్న సెక్టార్ల లెక్క దగ్గర, చివరి అంకెలు 10. అది పది కాదు. ఆ సాఫ్ట్‌వేర్ మామూలుగా హెక్సాలో, అంటే పదహార్ల లెక్కలో, చూపిస్తుంది, కాబట్టి పదహారు. ఈ కాలం డిస్కుల్లో లోపలి అసలు సెక్టార్ 4 కేబీ. బయటికి ఎనిమిదిగా లెక్కిస్తారు. పదహారంటే డిస్క్ మీద చెడినవి రెండు చోట్లు. వినడానికి చిన్నదే. కానీ అది స్ట్రైప్‌లో ఒక కాలు.

"ఆ 5400దే కదన్నా స్లో. దాన్ని పీకేస్తే సరిపోద్దిగా?" అన్నాడు తమ్ముడు. "మా నాన్న అనేవాడు, ఒంగోలు గిత్తని, ముసలెద్దుని ఒకే కాడికి కడితే నాగలి వంకర పోద్దని."

పోలిక బాగుంది. కానీ ఇక్కడ ముసలెద్దు ఎవరో చూడాలి.

ఎవరు ఎవర్ని లాగుతున్నారు

హెచ్‌డీ ట్యూన్‌తో రెండు డిస్కుల్నీ విడివిడిగా చదివించాను. హార్డ్‌డిస్క్ పళ్లెం అంచున ట్రాక్ పొడుగ్గా ఉంటుంది, లోపలికి వెళ్లేకొద్దీ కురచ అవుతుంది. ఒక చుట్టుకి అంచున ఎక్కువ డేటా వస్తుంది, లోపల తక్కువ. డిస్క్ అంచు నుంచే నిండడం మొదలవుతుంది. 7200 డిస్క్ అంచున సెకనుకు 185 ఎంబీతో మొదలై చివరికి 92కి దిగింది. 5400 డిస్క్ అంచున 148, సగానికి వచ్చేసరికి 118.

డీ డ్రైవ్ తొంభై శాతం నిండి ఉంది. అంటే డీలో ఇప్పుడు కొత్తగా రాసేదంతా 7200 డిస్క్‌లో లోపలి కొసన, 5400 డిస్క్‌లో నడిమధ్యన పడుతోంది. అక్కడ 7200 ఇచ్చేది వంద లోపు, 5400 ఇచ్చేది దాదాపు 120. గిత్త అనుకున్నదే వెనకబడింది! పైగా వయసులో కూడా పెద్దది, సీ5తో కుంటుతున్నదీ అదే. స్ట్రైప్‌లో రెండు ముక్కలూ వస్తేగానీ ఫైల్ పూర్తి కాదు. ఒకటి చెడ్డ సెక్టార్ దగ్గర ఐదారు సెకన్లు ఆగితే రెండోది చేతులు కట్టుకుని నిలబడుతుంది. పెళ్లికొడుకు చెయ్యి గాల్లో ఆగింది అందుకే.

ఆర్‌పీఎం అంకె చూసి ఇది ఫాస్ట్, ఇది స్లో అని తేల్చేవాళ్లకి నేనిచ్చే లెక్క ఇదీ. 7200లో ఒక చుట్టుకి 8.3 మిల్లీసెకన్లు, 5400లో 11.1. కావలసిన సెక్టార్, చదివే హెడ్ కిందికి రావడానికి సగటున సగం చుట్టు ఆగాలి. అంటే 4.2, 5.6. తేడా ఒకటిన్నర మిల్లీసెకను కూడా లేదు. హెడ్ ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరగడానికే పది, పన్నెండు మిల్లీసెకన్లు పోతాయి. అసలు ఖర్చు అక్కడుంది.

ఇక ఎఫ్ సంగతి. నేను మిగిలిందని పేరు పెట్టిన ఆ సగం, డీకి రెండో కాలైన అదే డిస్క్ మీద ఉంది. తమ్ముడు డీలోని పెళ్లిని ఎఫ్‌లోకి రెండర్ పెడుతున్నాడు, అంటే ఎడిట్ చేసిందాన్ని పూర్తి వీడియోగా రాయిస్తున్నాడు. ఒక డ్రైవ్ నుంచి ఇంకో డ్రైవ్‌కి పంపుతున్నానని అతను అనుకుంటున్నాడు. కేబినెట్ లోపల మాత్రం ఒకే హెడ్, డీ ముక్క కోసం బయటి సగానికి, ఎఫ్ ముక్క కోసం లోపలి సగానికి షటిల్ కొడుతోంది. ఒక్కో తిరుగుడికి జరగడం, ఆగడం కలిపి 17 మిల్లీసెకన్లు. ఆ కాస్త టైమ్‌లో ఆ డిస్క్ తిన్నగా చదివితే రెండు ఎంబీ వస్తుంది. 64 కేబీ ముక్క కోసం రెండు ఎంబీ కాలం పోగొట్టుకుంటున్నాం. విండోస్ కొంత ముందే చదివి పెట్టుకుంటుంది కాబట్టి ప్రతిసారీ ఇంత నష్టం ఉండదు. అయినా 100 శాతం బిజీ చూపించింది ఈ షటిలే.

పన్నెండు ఎంబీకి పడిపోవడానికి ఇదొక్కటే కారణం కాదు. ఆ 2 టీబీ డిస్క్ ఎస్‌ఎమ్‌ఆర్ రకం. పెంకుటింటి కప్పు గుర్తు తెచ్చుకోండి. ఒక పెంకు మీద ఇంకో పెంకు కొంత ఎక్కి ఉంటుంది. ఈ డిస్కుల్లో ట్రాక్‌లు అలా ఒకదాని మీద ఒకటి ఎక్కించి రాస్తారు, తక్కువ చోటులో ఎక్కువ పడుతుందని. మధ్యలో ఒక పెంకు మార్చాలంటే పైనున్న వరసలన్నీ లేపి మళ్లీ పరచాలి. అందుకని డిస్క్ కొత్త డేటాని ముందు ఒక పక్కన గబగబా రాసుకుని, ఖాళీ దొరికినప్పుడు సర్దుకుంటుంది. ఆ పక్క చోటు నిండిపోతే అప్పటికప్పుడు సర్దాలి. పాతిక జీబీ తర్వాత జరిగింది అదే. 2019లో డబ్బా మీద గానీ స్టిక్కర్ మీద గానీ ఆ మాట లేదు. కొన్ని మోడళ్లలో చెప్పకుండా ఈ రకం వాడామని పెద్ద కంపెనీలు మూడూ ఒప్పుకున్నది 2020లో. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో హార్డ్‌డిస్క్‌కి కూడా, మామూలుగా ఎస్‌ఎస్‌డీలకుండే ట్రిమ్ అనే ఫీచర్ కనబడితే అనుమానించొచ్చు. ఈ డిస్క్‌కి కనబడింది.

ఇంతకీ తమ్ముడి ప్రశ్నకి జవాబు: పీకలేం. ఎనిమిది ఎంబీ ఫొటో ఒకటి తీసుకుంటే 128 ముక్కలు, ఇందులో 64, అందులో 64. ఏ డిస్క్ తీసేసినా మిగిలేది సగం ఫొటో కూడా కాదు. ఇది చెప్పినప్పుడు అతని మొహం చూడలేకపోయాను. మూడున్నరేళ్ల పెళ్లిళ్లు దాన్లో ఉన్నాయి. బ్యాకప్ లేదు. "నువ్వు 2019లో చెప్పలేదుగా అన్నయ్యా" అంది వాళ్లావిడ, కాఫీ గ్లాసు చేతికిస్తూనే. చెప్పలేదు. 290 చూసిన సంబరంలో చెప్పాల్సిందే మరిచాను.

ముందు డేటా

చెడ్డ సెక్టార్లు బయటపడ్డాక ఆ డిస్క్‌తో ప్రయోగాలు చేయకూడదు. చెక్‌డిస్క్ అసలే కొట్టకూడదు. చదవలేని చోట్లని పదేపదే గీకి, ఉన్నదాన్ని కూడా పాడుచేయొచ్చు. మధ్యాహ్నం విజయవాడ వెళ్లి రెండు తెచ్చాం. ఒక 4 టీబీ హార్డ్‌డిస్క్, ఇదీ 5400దే, కానీ ఎస్‌ఎమ్‌ఆర్ కాదని మోడల్ నంబర్ కంపెనీ పట్టికలో చూసుకుని మరీ కొన్నాం. ఇంకొకటి 1 టీబీ సాటా ఎస్‌ఎస్‌డీ.

హెచ్81 బోర్డుకి సాటా పోర్టులు నాలుగే. నాలుగూ నిండి ఉన్నాయి, ఒకటి డీవీడీ రైటర్‌తో. ఇప్పుడందరూ పెన్‌డ్రైవే అడుగుతున్నారు కాబట్టి దాని కేబుల్ తీసి 4 టీబీకి ఇచ్చాను. ఎస్‌ఎస్‌డీని తాత్కాలికంగా యూఎస్‌బీ కేస్‌లో పెట్టి, ముందు ఆదివారం పెళ్లి ఒక్కటీ దానిలోకి లాగాం. 210 జీబీ, గంట పట్టింది. అది తీసుకుని తమ్ముడు పక్కగదిలో లాప్‌టాప్ మీద కూర్చున్నాడు. ముందే అందరి గుండెలూ కుదుటపడితే మిగతా పని సావకాశంగా చేసుకోవచ్చు.

మిగతాదానికి ఫైళ్లు కాపీ చేసే రోబోకాపీ. విండోస్‌లోనే ఉంటుంది, కొనక్కర్లేదు. కానీ ఒక మెలిక ఉంది. ఒక ఫైల్ చదవలేకపోతే మళ్లీ ఎన్నిసార్లు ప్రయత్నించాలి అన్నదానికి దాని సొంత లెక్క పది లక్షల సార్లు, ఒక్కోదానికీ మధ్య 30 సెకన్ల విరామం. లెక్కేస్తే ఒక్క చెడ్డ ఫైల్ దగ్గరే దాదాపు ఏడాది కూర్చుంటుంది. ఆర్ 1, డబ్ల్యూ 1 అని, అంటే ఒక్కసారే మళ్లీ ప్రయత్నం, ఒక్క సెకనే విరామం అని స్విచ్‌లు ఇచ్చి, లాగ్ ఫైల్ పెట్టి వదిలాను. రాత్రి పదకొండుకి మొదలైతే శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటకి అయింది. రెండు డ్రైవ్‌లు కలిపి 2.2 టీబీ పైన.

లాగ్‌లో రెండు ఫైళ్ల దగ్గర సైక్లిక్ రిడండెన్సీ చెక్ అనే ఎర్రర్, అంటే డేటా సరిగ్గా చదవలేకపోయానని. ఒక ఫొటో, ఒక వీడియో క్లిప్. రెండూ ఎప్పుడో అప్పజెప్పేసిన గృహప్రవేశానివి. బతికిపోయాం. స్ట్రైప్‌లో రెండు చెడ్డ చోట్లకి రెండు ఫైళ్లతో సరిపెట్టుకోవడం అదృష్టమే. డిస్క్ పూర్తిగా పోయి ఉంటే ఈ రాతకి ఇంకో టైటిల్ పెట్టాల్సి వచ్చేది.

కలపడం అంటే ముడివేయడం కాదు

కొత్త ఏర్పాటులో నాలుగు రకాల వేగాలున్న సామాను ఉంది, కానీ దేన్నీ దేనికీ ముడివేయలేదు. 240 జీబీ ఎస్‌ఎస్‌డీలో విండోస్, ఎడియస్. 1 టీబీ ఎస్‌ఎస్‌డీలో నడుస్తున్న పెళ్లిళ్లు మాత్రమే. మూడు కెమెరాలు 100 ఎంబీపీఎస్ 4కే తీసినా కలిపి సెకనుకు 38 ఎంబీ లోపే. అంకె చిన్నదే, కానీ మూడు ఫైళ్లు మూడు చోట్ల నుంచి ఒకేసారి రావాలి. హార్డ్‌డిస్క్ హెడ్‌కి కష్టమైంది ఆ మూడు చోట్లే. ఎస్‌ఎస్‌డీకి హెడ్ ఉండదు. అప్పజెప్పేసిన పెళ్లిళ్లు 4 టీబీలోకి పోతాయి. అక్కడ 5400 అయితే ఏం, ఒక పెద్ద ఫైల్‌ని తిన్నగా చదవడానికి 140 చాలు. చప్పుడూ వేడీ కూడా తక్కువ.

స్లో డిస్క్ ఒకటి కేబినెట్‌లో ఉంటే మొత్తం స్లో అవుతుందని ఇప్పటికీ చాలామంది అంటారు. ఆ మాట ఐడీఈ కాలం నాటిది. అప్పట్లో వెడల్పాటి రిబ్బన్ కేబుల్ ఒక్కదానికే మాస్టర్, స్లేవ్ అని రెండు డిస్కులు తగిలించేవాళ్లం. ఒకటి మాట్లాడుతుంటే రెండోది ఆగాలి. సాటాలో ఎవరి కేబుల్ వాళ్లది. 5400 తన దారిన తాను నడుస్తుంది, పక్కనున్న ఎస్‌ఎస్‌డీకి దాని ఊసే పట్టదు.

పోర్టులు మాత్రం చూసుకోవాలి. హెచ్81లో నాలుగింట్లో రెండే 6 గిగాబిట్‌వి, మిగతా రెండూ 3. విప్పి చూస్తే 6 మీద పాత హార్డ్‌డిస్క్, 3 మీద ఎస్‌ఎస్‌డీ. ఇదీ 2019 నాటి నా నిర్వాకమే. అప్పటి నుంచీ ఎస్‌ఎస్‌డీ సగం గొంతుతోనే పాడుతోంది. రెండు ఎస్‌ఎస్‌డీలనీ 6 మీదికి మార్చి, 4 టీబీని 3 మీద పెట్టాను. ఈ హార్డ్‌డిస్క్ ఎలాగూ 200 దాటదు, దానికి 3 గిగాబిట్ కూడా విశాలమే. డీవీడీ రైటర్ తన చోటికి తాను వచ్చేసింది.

2 టీబీ ఎస్‌ఎమ్‌ఆర్ డిస్క్‌ని పారేయలేదు. స్ట్రైప్ కోసం చేసిన డైనమిక్ వాల్యూములు తీసేసి మామూలు బేసిక్ డిస్క్‌గా ఫార్మాట్ కొట్టి, యూఎస్‌బీ కేస్‌లో పెట్టాను. నెలకోసారి ముఖ్యమైన పెళ్లిళ్ల కాపీ వేసుకుని బీరువాలో పెట్టుకోవడానికి. ఒకసారి రాసి వదిలేసే పనికి ఆ డిస్క్‌తో ఇబ్బంది లేదు, తొందరపెట్టకపోతే చాలు. డిస్కుల్ని కలిపే విండోస్ ఫీచర్ స్టోరేజ్ స్పేసెస్ వాడొచ్చుగా అని ఒకరిద్దరు మిత్రులు అడిగారు. డైనమిక్ డిస్కుల్ని మైక్రోసాఫ్ట్ 2020 నుంచి పక్కన పెట్టిన మాట నిజమే, దాని బదులు చూపించేదీ అదే. కానీ మిర్రర్ (ప్రతి ఫైల్‌కీ ఇంకో డిస్క్‌లో కాపీ) లేకుండా ఇంట్లో ఉన్న నాలుగు రకాల డిస్కులు దానిలో పోస్తే మళ్లీ అదే కథ. అతనికి కావాల్సింది ఒకే పెద్ద డ్రైవ్ కాదు, ఏ పెళ్లి ఎక్కడుందో తెలియడం. ఫోల్డర్ పేరులో సంవత్సరం, నెల, ఊరు, ఇంటిపేరు వరసగా పెట్టమన్నాను. ఆ గొడవ అక్కడితో పోయింది.

శనివారం అదే పెళ్లి, గంటా నలభై నిమిషాలది, రెండర్ పెట్టాం. అంతకు ముందు ఐదు గంటలు దాటినా అవ్వనిది రెండు గంటల పది నిమిషాల్లో అయింది. ఈసారి ప్రాసెసర్ 95 శాతం, ఎస్‌ఎస్‌డీ 20 లోపు. ఇక ఆలస్యమంతా ప్రాసెసర్‌ది. దానికి నా దగ్గర మందు లేదు, కొత్త సిస్టమే.

మళ్లీ ఒక ఫోన్

పది రోజులకి మళ్లీ ఫోన్. "అన్నా, అంతా బాగుంది గానీ ఫైల్ ఓపెన్ అనగానే ఏడెనిమిది సెకన్లు బొమ్మలా నిలబడిపోతోంది. తర్వాత మామూలే. మళ్లీ డిస్క్ పోతోందా?" గొంతులో టెన్షన్.

ఓపెన్ అన్నప్పుడు 4 టీబీలోంచి గుర్ మని చప్పుడు వస్తోందా అనడిగాను. వస్తోందట. ఇది జబ్బు కాదు, నిద్ర. ఇరవై నిమిషాలు పని లేకపోతే హార్డ్‌డిస్క్‌ని ఆపెయ్యమని విండోస్ పవర్ సెట్టింగ్‌లో మామూలుగా ఉంటుంది. ఫైల్ ఓపెన్ విండో అన్ని డ్రైవ్‌లనీ ఒకసారి పలకరిస్తుంది. ఆగిపోయిన పళ్లెం మళ్లీ 5400 చుట్ల వేగం అందుకునేదాకా అందరూ ఆగాలి. ఎవరి కేబుల్ వాళ్లదే అయినా, స్లో డిస్క్ మిగతావాళ్లని ఆపే సందర్భం ఇదొకటి ఉందని అతనికి చెప్పాల్సి వచ్చింది. ఫోన్‌లోనే అడ్వాన్స్‌డ్ పవర్ సెట్టింగ్స్‌లోకి తీసుకెళ్లి, టర్న్ ఆఫ్ హార్డ్‌డిస్క్ ఆఫ్టర్ దగ్గర సున్నా పెట్టించాను. ఆ తర్వాత ఆగలేదు.

ఆ పాత 7200 డిస్క్ నా బల్ల మీదకి చేరింది. మొత్తం సున్నాలు రాయించి చూశాను. సీ5 సున్నా అయింది, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో రంగు మాత్రం పసుపే, 05 వరసలో, అంటే చెడి పక్కన పెట్టిన సెక్టార్ల లెక్కలో, కొన్ని చేరాయి. కావాలంటే ఎవరికైనా సినిమాలు వేసి ఇవ్వొచ్చనుకుని డ్రాయర్‌లో పడేశాను. ఆషాఢంలో తమ్ముడు సిస్టమ్ క్లీనింగ్‌కి తెచ్చినప్పుడు ఎందుకో గుర్తొచ్చి మళ్లీ తగిలించి మొత్తం చదివించాను. సీ5లో 18. అంటే ఇరవై నాలుగు.